పాత మనిషిని ఎరిగిన ఊళ్ళో కొత్త మనిషిగా బతకడం ఎలా: గోదావరి డెల్టా విశ్వాసులకు సమగ్ర మార్గదర్శి

"బాప్తిస్మం తీసుకున్నానండి. ఆదివారం తప్పకుండా మందిరానికి వెళ్తున్నాను. కానీ సోమవారం నుంచి శనివారం దాకా నేను పాత మనిషినే. ఏం చెయ్యాలి?"

పాలకొల్లు నుంచి అమలాపురం దాకా ఏ ప్రార్థన కూటానికి వెళ్ళినా, కూటం ముగిసి చెప్పులు వేసుకునే వేళకు ఎవరో ఒకరు పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఇది. అడిగేవాళ్ళలో కౌలు రైతులుంటారు, రొయ్యల చెరువుల దగ్గర పనిచేసే కుర్రాళ్ళుంటారు, మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన అక్కలుంటారు. చాలాసార్లు వాళ్ళకు దొరికే జవాబు "ఇంకా ప్రార్థన చెయ్యండి" అన్నదే. ప్రార్థన కావాలి, అందులో అనుమానం లేదు. అయితే అపొస్తలుడైన పౌలు బైబిల్లోని తన పత్రికల్లో, అంటే సంఘాలకు రాసిన ఉత్తరాల్లో, అంతకంటే చాలా వివరంగా చెప్పాడు. ఏది విడిచిపెట్టాలో, దాని చోట ఏది పెట్టుకోవాలో ఒక్కొక్కటీ విడదీసి రాశాడు. దాన్ని మన ఊళ్ళో, మన పనుల్లో ఎలా ఆచరించాలో ఇక్కడ వరసగా చెబుతాను. క్రీస్తు ఇచ్చిన కొత్త జీవితం నిజమో కాదో తేలేది మన పాత బతుకు తెలిసినవాళ్ళ మధ్యే. అందుకే కొత్త ఊరికి వెళ్ళి మొదలుపెడదామనుకోకండి. ఉన్న చోటే మొదలుపెట్టండి.

మొదటి మెట్టు: ఆజ్ఞల కంటే ముందు వరం

ఎఫెసీయులకు రాసిన పత్రిక తీయండి. ఆరు అధ్యాయాలు. మొదటి మూడింటిలో "ఇది చెయ్యి" అని చెప్పేది దాదాపు ఏమీ లేదు. దేవుడు ఏం చేశాడో మాత్రమే ఉంటుంది. ఏర్పరచుకున్నాడు, దత్తత తీసుకున్నాడు, క్షమించాడు, చచ్చినవాళ్ళను బతికించాడు, దూరస్తులను దగ్గరకు తెచ్చాడు. ఎలా నడుచుకోవాలన్న మాట నాలుగో అధ్యాయంలో గానీ మొదలవదు. ఈ వరస తారుమారైతే విశ్వాసం పెద్ద బరువైపోతుంది. ముందు నేను బాగుపడతాను, అప్పుడు దేవుడు నన్ను ఒప్పుకుంటాడు అనుకున్న మనిషి మొదటిసారి జారిపడగానే మందిరానికి ముఖం చాటేస్తాడు.

అందుకని బాప్తిస్మం తర్వాత మొదటి నెల కొత్త తీర్మానాలేవీ పెట్టుకోవద్దు. ఈ మూడు అధ్యాయాలే రోజూ పొద్దున్నే చదవండి. దేవుడు మీకు ఏం చేశాడని అందులో ఉందో ఒక నోటు పుస్తకంలో మీ మాటల్లో రాసుకోండి. చదవడం రానివాళ్ళు ఫోన్లో ఆడియో బైబిలు వినండి. లేకపోతే కువైట్‌లో ఉన్న కూతుర్ని చదివి వాయిస్ మెసేజ్ పంపమనండి. ఆ పిల్లకూ మేలే.

మన డెల్టాలో ఈ మెట్టుకు ప్రత్యేకమైన బరువుంది. 1836లో ఇంగ్లండ్ నుంచి బయల్దేరిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడి సువార్త పని మొదలుపెట్టారు. వాళ్ళు పెద్ద చదువులు చదివిన దొరలు కారు, కష్టం చేసుకుని బతికిన సామాన్యులు. ధవళేశ్వరంలో కాటన్ ఆనకట్ట కడుతున్న 1847-52 కాలంలో అక్కడికి పనికొచ్చిన కూలీల మధ్య కూడా ఈ సువార్త వినిపించింది. ఊరికి చివర పేటలో ఉంటూ, ఊరి బావిలో నీళ్ళు తోడుకునే హక్కు కూడా లేని మనుషులకు "మీరు దేవుని ప్రజలు" అన్న మాట ఎంత పెద్దదో ఊహించండి. మొదటి పేతురు పత్రిక రెండో అధ్యాయం ఆ మాటే చెబుతుంది. ఇప్పటికీ మన సంఘాల్లో తమను తాము తక్కువగా చూసుకునే పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. కుర్చీ చూపించినా గోడవారనే నిలబడతారు. అలాంటివాళ్ళు మొదట నేర్చుకోవాల్సింది కుర్చీలో కూర్చోవడం. ఇది కూడా కొత్త జీవితంలో భాగమే, గర్వం కాదు.

పేరు మార్చుకోవాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. సౌలు మారుమనస్సు పొందగానే పౌలు అయ్యాడని ప్రసంగాల్లో వింటుంటాం గానీ, అపొస్తలుల కార్యములు 13:9 చూస్తే అతనికి రెండు పేర్లూ ఉన్నాయని తెలుస్తుంది. ఇష్టమైతే మార్చుకోండి. ఆధార్, పట్టా పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ సరిచేసుకోవాల్సి వస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

రెండో మెట్టు: తీసినదాని చోట వేరొకటి పెట్టడం

ఎఫెసీయులు నాలుగో అధ్యాయం చివర చూడండి. పౌలు "మానేయండి" అని ఊరుకోడు. అబద్ధం మాని నిజం మాట్లాడమంటాడు. దొంగతనం మాని చేతులతో కష్టపడమంటాడు, అదీ అక్కరలో ఉన్నవాడికి పంచడానికి. చెడ్డమాట మాని, వినేవాడికి మేలు చేసే మాట పలకమంటాడు. ద్వేషం మాని క్షమించమంటాడు. ప్రతిదీ జంటే. ఈ జంటల్లో రెండో సగం వదిలేయడం వల్లే ఎన్నో తీర్మానాలు నీరుగారిపోతున్నాయి.

నోటు పుస్తకంలో రెండు పేజీలు ఎదురెదురుగా పెట్టుకోండి. ఎడమవైపు పాతది, కుడివైపు దాని చోట పెట్టేది. పాతదాన్ని "పాపం", "లోకం" అని రాయకండి. స్థలం, సమయం, మనిషి పేరుతో రాయండి. "సాయంత్రం ఆరున్నరకు పని దిగాక, బెల్టు షాపు దగ్గర, ఫలానావాళ్ళతో" అని రాస్తే దాన్ని ఎదుర్కోవచ్చు.

ఇదే ఉదాహరణ తీసుకుందాం. చేలో పని చేసినవాడికి సాయంత్రం ఒళ్ళు నొప్పులుంటాయి, కబుర్లు కావాలి, ఇంటికి వెళ్ళగానే ఎదురయ్యే అప్పుల గొడవను కాసేపు వాయిదా వేయాలి. మందు ఈ మూడు పనులూ చేసిపెట్టేది. మందు ఒక్కటే తీసేస్తే మూడు ఖాళీలు మిగులుతాయి. కాబట్టి ఆ గంటకు మూడు ఏర్పాట్లు చేసుకోవాలి. ఇంటికి వెళ్ళే దారి మార్చండి, కాలువ గట్టు మీదుగానో వేరే పుంత మీదుగానో. ఇంటికి రాగానే వేడినీళ్ళ స్నానం, ఆ వెంటనే అన్నం. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడే కోరిక ఎక్కువ. అన్నం తిన్నాక సంఘంలో ఒక అన్న ఇంటికి వెళ్ళి అరగంట కూర్చోండి. రోజూ ప్రార్థనే చేయనక్కర్లేదు, వానల గురించి మాట్లాడుకున్నా చాలు. ఆ గంట గడవడం ముఖ్యం.

ఇక్కడ ఒక హెచ్చరిక. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగినవాళ్ళు ఒక్కసారిగా మానితే మొదటి రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం, లేనివి కనపడటం, ఫిట్స్ రావడం జరగొచ్చు. ప్రాణం మీదకు వస్తుంది. ఇది దయ్యం కాదు, శరీరం మందుకు అలవాటుపడటం వల్ల వచ్చే జబ్బు. మానే ముందే డాక్టరుకు చూపించండి. కేంద్ర ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 ఉచితం. మనసు కుంగిపోయి చనిపోవాలన్న ఆలోచనలు వస్తే టెలీ-మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉపవాస ప్రార్థన పెట్టుకున్న సంఘమే ఆ మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, రాత్రి పక్కన ఎవరుండాలో వంతులు వేసుకోవాలి.

మూడో మెట్టు: పాత లెక్కలు సరిచేయడం

మన సంఘాల్లో అన్నిటికంటే తక్కువగా బోధించేదీ, ఊళ్ళో అందరికీ అర్థమయ్యేదీ ఈ మెట్టే. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్య యేసును ఇంట్లో చేర్చుకున్నాక పాట పాడలేదు, సాక్ష్యం చెప్పలేదు. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. యెరికో ఊరివాళ్ళకు అతనెవరో బాగా తెలుసు. వాళ్ళ ముందు అతని మార్పుకు వేరే రుజువు అక్కర్లేకపోయింది. సంఖ్యాకాండం ఐదో అధ్యాయంలో మోషే ధర్మశాస్త్రం మామూలు కొలత కూడా చెబుతుంది. తీసుకున్న అసలు, దాని మీద ఐదో వంతు కలిపి నష్టపోయినవాడికి ఇవ్వాలి. అతను లేకపోతే దగ్గర బంధువుకు, బంధువు కూడా లేకపోతే దేవునికి.

ముందు జాబితా రాయండి. ఎవరికి, ఏం చేశాను, ఎంత అవుతుంది. మన దగ్గర వచ్చే లెక్కలు ఎలా ఉంటాయో చెబుతాను. దాళ్వాలో, అంటే రెండో పంటలో, నీళ్ళు తక్కువైనప్పుడు వంతు కాని రాత్రి గట్టు తెంపి నీళ్ళు పెట్టుకోవడం, దాంతో శివారు చేను ఎండటం. ధాన్యం కొనుగోలులో తరుగు పేరుతో బస్తాకు కిలో రెండు కిలోలు అదనంగా లాగడం. చిట్టీ పాడుకుని మిగతా వాయిదాలు ఎగ్గొట్టడం. గట్టు జరిపి పక్కవాడి చేలో రెండు సాళ్ళు కలుపుకోవడం. లేసు అల్లే ఆడవాళ్ళకు పని బాగాలేదని సాకు చెప్పి కూలి కోయడం. అన్నదమ్ముల వాటాల్లో తల్లి బంగారం దాచడం.

చిన్నవాటితో మొదలుపెట్టమని చాలామంది చెబుతారు. నా అభిప్రాయం వేరు. మిమ్మల్ని రాత్రి నిద్రపోనివ్వనిది ఏదో దానితో మొదలుపెట్టండి. అది తీరితే మిగతావి తేలికవుతాయి. అది వదిలేసి పది చిన్నవి తీర్చినా గుండెలో బరువు అలాగే ఉంటుంది.

వెళ్ళేముందు లెక్క కాగితం మీద వేసుకోండి. ఉదాహరణకు ఒక కమీషన్ ఏజెంటు నాలుగేళ్ళ కిందట ఒక రైతు దగ్గర అరవై బస్తాల మీద బస్తాకు కిలో చొప్పున ఎక్కువ తూచాడనుకుందాం. అరవై కిలోలు. అప్పటి ధర కిలోకు ఇరవై రూపాయలు అనుకుంటే 1,200. ఐదో వంతు 240. మొత్తం 1,440. ఆ డబ్బు కవర్లో పెట్టుకుని, ఆయన ఒంటరిగా ఉండే వేళ చూసి వెళ్ళాలి. మాట ఇలా ఉంటే చాలు:

"బాబాయ్ గారూ, నాలుగేళ్ళ కింద మీ ధాన్యం కాటా వేసినప్పుడు బస్తాకు కిలో ఎక్కువ లాగానండి. అరవై బస్తాలు. లెక్క వేసుకొచ్చాను. ఇవి మీ డబ్బులు. తప్పు చేశాను, క్షమించండి."

అంతే. అక్కడ కరపత్రం తీయకండి. ప్రసంగం చెయ్యకండి. "నేను ఇప్పుడు విశ్వాసినయ్యాను గనుక" అని మొదలుపెడితే ఆయన నష్టం పక్కకు పోయి మీ గొప్ప ముందుకొస్తుంది. ఎందుకిలా అని ఆయనే అడిగితే అప్పుడు రెండు మాటల్లో చెప్పండి. తిడితే వినండి. అన్నేళ్ళుగా అనుమానంతో ఉన్న మనిషి ఒక పూట తిట్టే హక్కు ఉన్నవాడే. క్షమించాను అని ఆయన చెప్పి తీరాలని ఎదురుచూడొద్దు. ఆ తర్వాత ఆదివారం ఆయన పేరుతో సాక్ష్యం చెప్పొద్దు. అది ఆయన విషయం.

డబ్బు ఒకేసారి లేకపోతే ఎంత బాకీయో కాగితం రాసి ఇచ్చి, పంట పంటకూ ఇంత అని తీర్చండి. భార్యకు తెలియకుండా ఈ పని చేయకండి. ఇంటి ఖర్చుల్లోంచి పోయేది ఆమె చెమట కూడా. విషయం కేసుల దాకా వెళ్ళేదైతే ముందు లాయరును కలవండి. సంబంధాల విషయంలో జరిగిన తప్పులకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. ఒంటరిగా ఆ గుమ్మం ఎక్కి ఇంకో కుటుంబాన్ని కూల్చకండి. అనుభవమున్న పాస్టరుగారితో, ఆడవాళ్ళయితే పాస్టరుగారి భార్యతో, ముందు మాట్లాడండి.

వడ్డీ వ్యాపారం చేసేవాళ్ళకు ఒక మాట. నిర్గమకాండం 22:25, ద్వితీయోపదేశకాండం 23:19 బీదల దగ్గర, సహోదరుల దగ్గర వడ్డీ తీసుకోవద్దంటాయి. నూటికి మూడు రూపాయలు, ఐదు రూపాయలు నెల వడ్డీకి తిప్పుతూ మందిరంలో ముందు వరసలో కూర్చున్నవాళ్ళున్నారని అందరికీ తెలుసు. కొత్త మనిషి చేయాల్సిన మొదటి పని బీరువా తెరవడం. ఖాళీగా సంతకం పెట్టించుకున్న ప్రాంసరీ నోట్లు, తాకట్టు పెట్టుకున్న ఏటీఎం కార్డులు, పాస్‌బుక్కులు బయటకు తీసి ఎవరివి వాళ్ళకు ఇచ్చేయండి. అసలు ఎంత, ఇప్పటిదాకా కట్టింది ఎంత అని ఎదురుగా కూర్చుని లెక్క చూడండి. చాలా నోట్ల మీద అసలు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది.

నాలుగో మెట్టు: ఇల్లు

మీ మార్పు మీద తీర్పు చెప్పగలిగేది మీ ఇంట్లోవాళ్ళు. మీరు ఏమీ చెప్పకుండానే వాళ్ళు గమనిస్తారు. కొత్తలో ఇంట్లోవాళ్ళకు ప్రసంగాలు చెప్పొద్దు. అన్నం ఆలస్యమైతే ఏమంటున్నారు, పిల్లాడికి లెక్కల్లో మార్కులు తక్కువొస్తే చెయ్యి ఎక్కడుంది, అత్తగారి మందులు ఎవరు తెస్తున్నారు, ఇవే వాళ్ళు చూసేవి. సూర్యుడు అస్తమించేలోగా కోపం వదలమన్న మాటను ఇంట్లో నియమంగా పెట్టుకోండి. గొడవైన రోజు పడుకునేముందు ముందుగా మాట్లాడే బాధ్యత మీదే, తప్పెవరిదైనా సరే.

కొట్టడం గురించి స్పష్టంగా చెప్పాలి. భర్త కొడుతున్నాడని వచ్చిన సిస్టరుకు "ఓర్చుకోమ్మా, ప్రార్థన చెయ్యి" అని చెప్పి అదే రాత్రి అదే ఇంటికి పంపడం క్షమాపణ బోధ కాదు. క్షమించడం అంటే దెబ్బలకు ఒళ్ళు అప్పగించడం కాదు. ముందు ఆమె క్షేమంగా ఉండే చోటు చూడండి. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. కొట్టినవాడు కొత్త మనిషినయ్యానంటే ఆ మాట నెలల తరబడి నడతలో కనపడాలి, అది చూసి నమ్మాలా వద్దా అన్నది ఆమె ఇష్టం.

గల్ఫ్‌లో భార్యో భర్తో ఉన్న ఇళ్ళు మన ప్రాంతంలో ఎన్నో. అక్కడినుంచి వచ్చే డబ్బు లెక్క నెలనెలా ఫోటో తీసి పంపడం, వీడియో కాల్‌లో కలిసి ఒక కీర్తన చదువుకోవడం చిన్న పనులే. దూరంలో అనుమానం పెరగకుండా కాపాడేవి అవే.

ఐదో మెట్టు: చేసే పని

"తన చేతులతో కష్టపడాలి" అన్న పౌలు మాటను మన వృత్తుల్లో పెట్టి చూద్దాం. ధాన్యం సేకరణలో తేమ పరిమితి 17 శాతం. యంత్రంలో ఎంత వస్తే అంతే చెప్పే ఉద్యోగి, 16 ఉంటే 19 అనని మిల్లు గుమాస్తా, తడిసిన బస్తాలను మధ్యలో పెట్టి లోడు కట్టని రైతు. ఈ ముగ్గురూ విశ్వాసులైతే ఆ కళ్ళంలో గొడవ ఉండదు.

వనామీ రొయ్యలు పెంచేవాళ్ళకు ఇంకా కష్టమైన ప్రశ్నలున్నాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు లాంటి నిషేధించిన యాంటీబయోటిక్స్ చెరువులో వాడటం ఒకటి. చెరువు ఉప్పునీరు భూమిలోకి ఇంకి పక్కవాడి వరి చేను చౌడుబారడం, వ్యాధి వచ్చిన చెరువు నీటిని శుద్ధి చేయకుండా డ్రెయిన్‌లోకి వదలడం ఇంకోటి. వైరస్ వచ్చి పంట పోయినప్పుడు ఆ టెన్షన్‌లో నీళ్ళు తొందరగా వదిలేయాలనిపిస్తుంది. కింద చెరువులవాళ్ళకు ముందుగా ఫోన్ చేసి చెప్పడం, క్లోరిన్‌తో శుద్ధి చేశాకే వదలడం పొరుగువాణ్ణి ప్రేమించడమే. వాక్యంలో రొయ్యల పేరు లేదు గనుక ఇది ఆత్మీయ విషయం కాదనుకోవద్దు.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ అల్లిక ఈ ప్రాంతంలో పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా మొదలై ఇంటింటికీ చేరింది. ఇవాళ్టికీ అల్లే చేతికి దక్కేది తక్కువ. సంఘంలో ఉన్న లేసు ఏజెంట్లు తాము అమ్మే ధర అల్లేవాళ్ళకు చెప్పి కూలి నిర్ణయిస్తే, అది ఏ ప్రత్యేక కానుక కంటే తక్కువది కాదు. గల్ఫ్‌కు పంపే ఏజెంట్లదీ ఇదే సంగతి. ఇంటిపని వీసాను ఆసుపత్రి ఉద్యోగమని చెప్పి పంపినవాడు కొత్త మనిషి కాలేదు.

ఆరో మెట్టు: మందిరంలో కులం

ఒకే ఊళ్ళో మాలపేటకు ఒక మందిరం, మాదిగపేటకు ఒక మందిరం, పెద్ద కులాలనుంచి వచ్చిన విశ్వాసులకు వేరే కూటం. ఈ మాట రాయడం బాధగానే ఉంది, కానీ రాయకుండా కొత్త జీవితం గురించి మాట్లాడటం కుదరదు. గలతీయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయంలో యూదుడు, గ్రీసుదేశస్థుడు అన్న తేడా క్రీస్తులో లేదంటాడు పౌలు. అంతకుముందు అధ్యాయంలోనే, అంతియొకయలో అన్యజనులతో భోజనం మానేసిన పేతురును అందరి ముందు నిలదీశాడు. అంత పెద్ద అపొస్తలుడు తప్పినదీ భోజనం దగ్గరే. మనమూ అక్కడే మొదలుపెట్టాలి.

ముందు అవతలి పేటవాళ్ళ ఇంటికి మీరు వెళ్ళి తినండి. వాళ్ళను పిలవడం తర్వాత. పిలిచేవాడికి ఎప్పుడూ కొంచెం పైచేయి ఉంటుంది గనుక ఈ వరస ముఖ్యం. తర్వాత రెండు మందిరాలు కలిసి నెలకో ఆదివారం ఒకే బల్ల దగ్గర రొట్టె విరవమని పెద్దలను అడగండి. సమాధుల తోట కూడా వేరువేరుగా ఉంటే అదీ అడగండి. పెళ్ళి సంబంధాల దగ్గర అసలు పరీక్ష ఎదురవుతుంది. "క్రైస్తవులే కావాలి, కానీ మనవాళ్ళే అయ్యుండాలి" అన్న షరతు ఎందుకు పెడుతున్నామో తల్లిదండ్రులు ప్రార్థనలో నిజాయితీగా ఆలోచించుకోవాలి.

దీనికి ఆనుకునే సర్టిఫికెట్ల విషయం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీలనుంచి క్రైస్తవులైనవాళ్ళు మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల్లోని సీ గ్రూపు (బీసీ-సీ) కిందకు వస్తారు, దానికి రిజర్వేషన్ ఒక్క శాతం. మతం మారినా పేటా మారదు, ఊరి చూపూ మారదు, హోదా మాత్రం పోతుంది. ఇది అన్యాయమని నా నమ్మకం. కాగితంలో హిందువని ఉన్న కుటుంబాల మీద రాళ్ళు వేయడానికి ఏ ప్రసంగీకుడూ తొందరపడకూడదు. అయినా తెలిసి తెలిసి అఫిడవిట్‌లో అబద్ధం రాయడం కొత్త మనిషి చేయదగ్గ పని కాదు, చట్టపరంగానూ ప్రమాదమే. లాయరుతో మాట్లాడి కళ్ళు తెరుచుకుని నిర్ణయించుకోండి. నిజం చెప్పినందుకు ఒక పిల్లకు ఫీజు మినహాయింపు పోతే, ఆ ఫీజు సంఘం కట్టాలి. మందిరానికి టైల్స్ వేయించడం ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఏడో మెట్టు: హిందువులైన మనవాళ్ళతో

అమ్మానాన్నల విశ్వాసాన్ని హేళన చేయడం ధైర్యం కాదు. పండక్కి అత్తగారింటికి వెళ్తే మాట ఇలా ఉండొచ్చు: "అత్తా, నువ్వు చేసిన అరిసెలు ఎన్ని పెట్టినా తింటాను. ప్రసాదం ఒక్కటీ నా మనసు ఒప్పుకోదు, ఏమనుకోకు." మొదటి కొరింథీయులకు పదో అధ్యాయంలో పౌలు చెప్పింది దాదాపు ఇదే. వడ్డించినది అడక్కుండా తినండి, ఇది అర్పించినది అని ఎవరైనా చెబితే వద్దనండి.

కష్టమైనది తండ్రి కర్మకాండ. పెద్దకొడుకు విశ్వాసి అయితే ఆ రోజు పెద్ద గొడవవుతుంది. దీన్ని శవం దగ్గర తేల్చుకోకండి. నాన్నగారు ఆరోగ్యంగా ఉండగానే ఆయనతోనూ తమ్ముళ్ళతోనూ కూర్చుని, మంత్రం మీరు చెప్పలేరని, మిగతా ప్రతి పనీ మీరే చేస్తారని చెప్పండి. మంచాన పడ్డప్పుడు స్నానం చేయించడం, ఆసుపత్రి ఖర్చు, పాడె మొయ్యడం, వచ్చిన చుట్టాలకు భోజనాలు అన్నీ మీరు చూసుకోండి. బతికుండగా కాళ్ళు పట్టిన కొడుకును ఊరు అంత తేలిగ్గా తప్పుపట్టదు.

ఎనిమిదో మెట్టు: ఒక తోడు, ఒక సంవత్సరం

యాకోబు పత్రిక ఐదో అధ్యాయం పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోమంటుంది. ఊరందరితో కాదు, నోరు జారని ఒక్క మనిషితో. మగవాళ్ళు మగవాళ్ళతో, ఆడవాళ్ళు ఆడవాళ్ళతో. వారానికోసారి కలిసి నోటు పుస్తకం తెరవండి. ఈ వారం ఎక్కడ నిలబడ్డారు, ఎక్కడ జారారు, ఎవరి లెక్క తీర్చారు అన్న మూడు సంగతులు చాలు. సలహా తక్కువ, ప్రార్థన ఎక్కువ ఉండాలి.

ఏడాదిలో మన ప్రాంతంలో ఎక్కువమంది జారేది సంక్రాంతి మూడు రోజుల్లో. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కన్నీళ్ళతో తీర్మానం చేసుకున్నవాళ్ళే రెండు వారాలకు బరి దగ్గర కనపడతారు. కోడిపందాలు, గుండాట, పేకాట, పక్కనే మందు. హైదరాబాదు నుంచి వచ్చిన బావమరిది "ఒక్కసారి చూసొద్దాం రా" అంటాడు. కాబట్టి క్రిస్మస్ అయిన వెంటనే ప్లాన్ వేసుకోండి. పంట డబ్బులు భోగికి ముందే ఇంట్లోవాళ్ళ చేతికివ్వండి లేదా బ్యాంకులో వేసేయండి. ఫోన్లో పేమెంట్ యాప్ పరిమితి తగ్గించుకోండి. భోగి, సంక్రాంతి, కనుమ మూడు పూటలకూ సంఘం కుర్రాళ్ళకు క్రికెట్టో, లంకలో వంట భోజనమో పెట్టండి. బావమరిదినీ అక్కడికే పిలవండి.

అయినా జారిపోతే ఆ రాత్రే మీ తోడుకు ఫోన్ చేయండి. తెల్లారితే చెప్పడం కష్టమవుతుంది, రెండ్రోజులు గడిస్తే అబద్ధం తోడవుతుంది. ఎంత పోయిందో ఇంట్లో దాచకుండా చెప్పండి, అప్పు చేసి ఉంటే ఆ పేరు నోటు పుస్తకంలో మూడో మెట్టు జాబితాలో రాయండి. తర్వాతి ఆదివారం ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవాలా, ఒక వారం ఆగాలా అన్నది పాస్టరుగారితో కూర్చుని తేల్చుకోండి. మందిరానికి రావడం మాత్రం మానకండి, సోమవారం పొద్దున మళ్ళీ ఎఫెసీయులు మొదటి అధ్యాయం నుంచి చదవడం మొదలుపెట్టండి.